ఉప్పు వెయ్యని వాటా

మా పక్కింటి అక్క పోయింది. పోయిన ఆదివారం పొద్దున ఆమె కొడుకు నల్లగండ్ల నుంచి ఫోన్ చేసి, "మామయ్యా, అమ్మ వెళ్లిపోయిందండీ" అని ఆగిపోయాడు. "వస్తున్నా" అని ఒక్క మాటే అని పెట్టేశాను. నాకు ఫోన్లో ఏడవడం రాదు. నా భార్య పొయ్యి మీద పప్పు పెట్టి ఉంది. సంగతి చెప్పగానే స్టవ్ ఆర్పేసింది. సగం ఉడికిన పప్పు అలాగే వదిలేసి, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

పక్కింటి అక్క అంటున్నాను గానీ, మేం పక్కపక్కన ఉన్నది బాలానగర్‌లో, అదీ మా వయసు రోజుల్లో. ఆ తర్వాత వాళ్లెన్ని ఇళ్లు మారారో, మేమెన్ని మారామో. అయినా మా ఇంట్లో పక్కింటి అక్క అంటే ఆమె ఒక్కతే. ఇప్పుడు మా ఫ్లాటు పక్కన ఎవరుంటారో నాకు తెలియదు. తలుపు మీద పేరుంటుంది, ఇంగ్లీషులో. నేను చదివింది మూడో తరగతి, తెలుగులో. తప్పులుంటే మీరే దిద్దుకుని చదువుకోండి. ఆమె గురించి పెద్ద మాటలు చెప్పడం నాకు చేతకాదు. ఆమె మాకు టమాటాలు కోసి పెట్టింది. అది చెబుతాను.

నాది కొండాపూర్. ఇప్పుడు అద్దాల బిల్డింగులున్న చోట మాకు బండరాళ్లు, సీతాఫలం పొదలు, బావి కింద కాస్త పొలం ఉండేవి. అన్న సేద్యం చూసుకున్నాడు. నేను బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనికి కుదిరాను. డెబ్బయిల మొదట్లో మాట. పెళ్లయ్యాక అక్కడే కిరాయికి గది తీసుకున్నాం. రేకుల కప్పు గదుల వరుస, ముందు షాబాదు బండలు పరిచిన వాకిలి, వాకిలి మధ్యలో అందరికీ ఒకటే బోరింగు. మా గోడకు అవతలి గదుల్లో గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లు దిగారు. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా, మాట తక్కువ. ఆయన భార్యే అక్క. ఇక ఆయన తల్లి, మడి కట్టుకునే మనిషి.

మడి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. తడిపి ఆరేసిన బట్ట కట్టుకుని, ఎవరినీ తాకకుండా, తన నీళ్లు తనే తోడుకుని వంట చేసుకోవడం. ఆ పెద్దమ్మ బోరింగు దగ్గరకు వస్తే ముందు దాని పిడి కడిగేది. నేను అప్పుడే కొట్టి వదిలిన పిడిని, నేను చూస్తుండగానే కడిగేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఏంది పెద్దమ్మా, నా చెయ్యి తగిల్తే ఇనుము కరుగుతదా?"

"ఇనుము కరగదు నాయనా, నా మడి కరుగుతుంది" అంది, కడగడం ఆపకుండానే.

వాకిట్లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. రోజంతా ఇనుమును కోసి నున్నగా చేసి బతికే చెయ్యి నాది. అది తాకిన దాన్ని కడగాలని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

ఆ ఎండాకాలం నా భార్య కడుపుతో ఉంది. అంతకు ముందటి ఏడాది ఒక కడుపు నిలవలేదు. ఈసారి నెల తప్పిన దగ్గర్నుంచి తిన్నదంతా వాంతి. అన్నం ఉడుకుతున్న వాసన వస్తే వాంతి. కిరోసిన్ స్టవ్ వెలిగిస్తే వాంతి. పోపు చిటపటమంటే ఇక చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నానికి రేకుల కింద గది కొలిమి అయ్యేది. దవాఖానలో డాక్టరమ్మ నా భార్య కనురెప్ప కిందికి లాగి చూసి, నావైపు తిరిగి గట్టిగా అంది.

"మందులతో అయ్యేది కాదయ్యా. తిండి లోపల నిలవాలి. ఏదైనా సరే. నిలవకపోతే ఇది కూడా దక్కదు. తల్లికి కూడా ప్రమాదమే."

అమ్మ కొండాపూర్ నుంచి జొన్న గటక పంపింది. నిలవలేదు. నేను బ్రెడ్డు తెచ్చాను, సోడా తెచ్చాను. నిలవలేదు. అన్న గంపెడు టమాటాలు పంపాడు. వాటితో ఏం చెయ్యాలన్నా పొయ్యి వెలిగించాలి. గంప మూలనే ఉండిపోయింది. నా భార్య గోడవైపు తిరిగి పడుకునేది. మణికట్టుకు గాజులు వదులైపోయాయి.

గోడ పలచన. వాంతి చప్పుడు అవతలికి వినిపిస్తుంది. ఒకరోజు అక్క గిన్నె మీద మూత పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అప్పటిదాకా ఆమెతో నేను మాట్లాడింది లేదు.

"చారండీ. పలచగా పెట్టాను. కాస్త గొంతు తడుపుకుంటుందేమోనని..."

"మీ ఇంట్లోళ్లు మా ఇంట్ల మంచినీళ్లన్న ముడ్తరా?" అన్నాను.

ఆమె గిన్నె మీది మూత సర్దుకుంది.

"ముట్టరు గద. మరి మీ గిన్నె మేమెందుకు ముట్టాలె? మేం అడుక్కునేటోళ్లం కాదు. తీస్కపోండ్రి."

లోపల నుంచి నా భార్య "గట్లెందుకంటవయ్యా" అంటూనే ఉంది. అక్క గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఇక ఈ గుమ్మం తొక్కదనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. నాది సాయంత్రం షిఫ్టు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. గుమ్మంలో నిలబడి రెండు అరచేతులూ తిప్పి చూపించింది.

"ఖాళీ చేతులతో వచ్చానండీ. ఇవాళ తిట్టడానికి ఏమీ లేదు."

నా భార్య నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని రోజులైందో. ఆ నవ్వు వల్లే నేను పక్కకు జరిగాను.

అక్క లోపలికి వచ్చి గంప దగ్గర కూర్చుంది. "ఈ టమాటాలు ఎవరివండీ?"

"మా అన్న చేనువి."

"కత్తిపీట?"

"మాదే."

"ఈ గిన్నె?"

"గిన్నె గూడ మాదే. ఏందక్కా, పోలీసోళ్ల తీరు అడుగుతున్నవ్?"

"అన్నీ మీవే కదా. నావి చేతులొక్కటే. కడుక్కు రమ్మంటే కడుక్కొస్తాను."

ఆమె ముఖంలో ఎగతాళి లేదు. జీవితంలో నా నోరు కట్టేసినవాళ్లు తక్కువ, అందులో ఆమె మొదటిది.

గంపలోంచి బిగువుగా ఉన్న పండ్లు ఏరి కుండలోని నీళ్లలో కాసేపు వేసింది. ఈలోగా వాకిట్లోకి వెళ్లి బోరింగు నీళ్లు పారే కాలువ పక్కన పుదీన కొనలు తుంచుకొచ్చింది. బజారులో కొన్న కట్టలోంచి ఒక కాడ గుచ్చితే అది ఆ తడికి పాకిందట. పగిలిన కుండలో కొత్తిమీర కూడా ఆమె వేసిందే.

"పుదీన మీది గద" అన్నాను. ఊరుకుంటానా.

"నీళ్లు మీరు కొట్టినవే కదండీ" అంది.

టమాటాలు పెద్ద పెద్ద ముక్కలుగా కోసింది. రసం నేల మీద పడకుండా గిన్నె మీదే పట్టి కోసింది. పుదీన, కొత్తిమీర కత్తికి తగలనివ్వలేదు, వేళ్లతో తుంచి పైన వేసింది. ఒక పచ్చిమిరపకాయ నిలువుగా చీల్చి, వాసన కోసం మధ్యలో గుచ్చింది. నిమ్మ చెక్క పిండింది. అంతే. పొయ్యి లేదు, నూనె లేదు, పోపు లేదు. మా వర్క్‌షాపులో హైదరాబాదు పాతబస్తీ వాళ్లు ఇలాంటిదే డబ్బాల్లో తెచ్చుకుని కచుంబర్ అనేవాళ్లు. వాళ్లు ఉల్లిగడ్డ నిండా వేస్తారు. ఆమె వెయ్యలేదు. ఉల్లిగడ్డ వాసనకు మా ఆవిడకు మళ్లీ పొయ్యి గుర్తొస్తుందంది.

రెండు పళ్లేలు అడిగి, సగం సగం పంచింది. "ఉప్పు మీరే వేసుకోండి" అని నా భార్య పళ్లెం ఆమె ముందుకు జరిపింది. అక్క తన పళ్లెంలో ఉప్పు వేసుకోకుండానే ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

"చూడండీ, మీ ఇంట్లో కూర్చుని మీ పళ్లెంలో తింటున్నాను. మరి నా చేతిది మీరు తింటారా, తినరా?"

ఇది నాతో అన్నది. నేను జవాబు చెప్పేలోపే నా భార్య ఒక ముక్క తీసుకుంది. పుదీన ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. ఇంకో ముక్క తీసుకుంది. ముగ్గురం అలాగే కూర్చున్నాం, వాంతి వస్తుందేమోనని. రాలేదు. ఆ టమాటాలు నిలిచాయి.

వెళుతుంటే అడిగాను, ఉప్పెందుకు వేసుకోలేదని. దాచలేదు.

"మా అత్తగారి పద్ధతిలో ఉప్పు పడనంతవరకూ కాయ కాయేనండీ. ఉప్పు పడితే వంట. వంట బయట తినకూడదు, కాయ తినొచ్చు. సందు కనిపించింది, దూరాను."

"చప్పగ ఎట్ల తింటవక్కా?"

"మీ ఆవిడ తింటుంటే చూస్తూ తింటాను. నాకు ఉప్పు అక్కడ తెలుస్తుంది."

నేను ఆమెను 'నువ్వు' అనడం మీకు మర్యాద తక్కువగా అనిపించొచ్చు. మా దిక్కు అక్కను నువ్వనే అంటాం. మొదట్లో ఆమె కాస్త ఉలిక్కిపడింది, తర్వాత తనే 'అండీ' మాని 'తమ్ముడూ' అనడం మొదలుపెట్టింది.

ఆ ఎండలన్నీ అలాగే గడిచాయి. వాళ్ల ఇంట్లో భోజనాలయ్యాక అక్క రావడం, గంప ముందు కూర్చోవడం, రెండు పళ్లేలు. మెల్లగా నా భార్య ఆ టమాటాలతోపాటు చల్లటి పెరుగన్నం కూడా నాలుగు ముద్దలు తినసాగింది. ఆదివారం వస్తే నేను సైకిలు తొక్కి కొండాపూర్ వెళ్లి గంప కట్టుకొచ్చేవాణ్ని. "ఎండాకాలం పొయ్యికి కూడా సెలవియ్యాలి తమ్ముడూ" అనేది. "ఉప్పు చివర్న వెయ్యాలి. వేశాక కబుర్లు చెప్పుకోకూడదు, తినెయ్యాలి" అనేది.

ఆ మాట ఎందుకన్నదో ఒకసారి నాకే తెలిసింది. వాళ్ల ఇంట్లో పూజ ఉండి అక్క రాలేని రోజు నేను కోశాను. పనివాణ్ని కదా, అన్ని ముక్కలూ ఒకే కొలతకు సన్నగా కోసి, ఉప్పు వేసి మూత పెట్టి, స్నానానికి పోయాను. వచ్చేసరికి ముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. నా భార్య ఒక ముక్క నోట్లో పెట్టుకుంది, బయటికి పరిగెత్తింది. ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా నిలవలేదు. పూజ ముగిశాక అక్క వచ్చి గిన్నె చూసింది.

"ఇది కచుంబర్ కాదు తమ్ముడూ, చెరువు. లేత్ మిషను మీద పెట్టి కోశావా?"

ముక్కల సంగతి అటుంచండి. అక్క ఎదురుగా కూర్చుని తింటేనే నా భార్యకు దిగేది. నాకది అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ మాట చెవిలో మోగుతూనే ఉంది. ఆమె రాకపోతే మా బిడ్డ లేదు.

పెద్దమ్మ అంతా కనిపెడుతూనే ఉండేది. మధ్యాహ్నం నీడ పడగానే వాకిట్లో మా గుమ్మానికి ఎదురుగా పీట వేసుకునేది. టమాటా ఆమె ముట్టదు, మాంసంలా ఎర్రగా ఉంటుందని. రామములక్కాయ అనేది. ముట్టకపోయినా పెత్తనం మాత్రం మానేది కాదు.

"ఒసేవ్, ఆ మిరపకాయ గింజలు దులుపు. పిల్లకి కడుపు మండుతుంది."

"దులిపానత్తయ్యా."

"ఎక్కడ దులిపావు? ఇక్కణ్నుంచి కనిపిస్తున్నాయి."

వానలు రావడానికి కాస్త ముందు ఒకరోజు నా భార్య తనంతట తానే లేచి కూర్చుంది. "ఇయ్యాల నేను కోస్త అక్కా. నువ్వు కూసో" అంది. చాలా రోజులకు చేతుల్లోకి బలం వచ్చింది, దానికి ఆ సంబరం. కోసింది, తుంచింది, నిమ్మ పిండింది. అదే సంబరంలో, పంచకముందే, గిన్నె మొత్తానికి ఉప్పు చల్లి కలిపేసింది. కలిపాక చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో అక్కా!"

గంప వైపు చూసింది. గంపలో ఒక్క కాయ లేదు, మర్నాడు ఆదివారం. వాకిట్లో పెద్దమ్మ పీట మీద నిటారుగా అయింది. చూసింది.

నేను మనసులో ఒక మాట అనుకున్నాను. ఈమె ఇప్పుడు పళ్లెం పక్కకు నెట్టిందా, మా ఉప్పు వీళ్లకు పనికిరానట్టే, ఇక రేపట్నుంచి రెండో పళ్లెం వెయ్యను. అలా అనుకుంటూనే నా భార్యను చూశాను. తన పళ్లెం ముట్టుకోలేదు. అక్క పళ్లెం వైపే చూస్తోంది, కళ్ల నిండా నీళ్లు. అక్క తినకపోతే ఇదీ తినదు. నా పంతం ఒక పక్క, నా బిడ్డ ఒక పక్క.

అక్క వాకిట్లోకి ఒకసారి చూసింది. పళ్లెం దగ్గరకు లాక్కుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. కళ్లు పెద్దవి చేసింది.

"ఇన్నాళ్లూ మీరు తింటున్నది ఇదా! నన్ను ఎంత మోసం చేశారే!"

నా భార్య ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ తన పళ్లెం అందుకుంది. ఇద్దరూ గిన్నె అడుగు రసం కూడా మిగల్చకుండా తిన్నారు.

"ఏమే, తిన్నావా?" అంది పెద్దమ్మ వాకిట్లోంచి.

"తిన్నానత్తయ్యా."

"ఉప్పుదే?"

"ఉప్పుదే."

పెద్దమ్మ మెడ చాచి మా గిన్నె వైపు చూసింది. "బాగుందా?"

"చాలా బాగుందత్తయ్యా."

"ఏడిసినట్టే ఉంది. స్నానం చేస్తే గానీ మన గడప తొక్కకు."

అక్క లేచి, కొంగు బిగించి బోరింగు దగ్గరకు నడిచింది. నడినెత్తిన ఎండ. ఎండాకాలం నీళ్లు లోపలికి దిగిపోయి, ఎంతో సేపు కొడితే గానీ ధార పడేది కాదు. ఆమె కొడుతోంది, పిడి కీచుమంటోంది, నీళ్లు రావడం లేదు. నేను లేచి వెళ్లి పిడి పట్టుకున్నాను. పట్టుకున్నాక గుర్తొచ్చి పెద్దమ్మ వైపు తిరిగాను.

"నా చెయ్యి తగిలింది పెద్దమ్మా."

"తగిలితే తగిలింది. చూస్తావేం నాయనా, కొట్టు. ఎండలో అది ఎంతసేపు కొడుతుంది?"

కొట్టాను. బకెట్లు నింపి పక్కకు పోయాను. అక్క చీరతోనే నెత్తి మీద చెంబులతో పోసుకుంది.

ఆ తర్వాత ఆమె ఎప్పుడూ చప్పవి తినలేదు. మా ఇంట్లో ఉప్పు వేసుకునే తినేది. తిన్న ప్రతిసారీ బోరింగు దగ్గర మళ్లీ తలారా పోసుకుని ఇంట్లోకి వెళ్లేది. అత్తగారి మాట జవదాటలేదు, మా పళ్లెం వదల్లేదు. నేను షిఫ్టుకు పోయేముందు ఆమెకు బకెట్లు నింపి పోయేవాణ్ని. పెద్దమ్మ తన నీళ్లకు పిడి కడగడం మానలేదు. అది చూసి నేను మూతి ముడవడమూ మానలేదు. కోడలి నీళ్లకు మాత్రం ఆమె ఎన్నడూ కడగమనలేదు.

దీపావళి దాటాక మాకు కూతురు పుట్టింది. పెద్దమ్మ పీట మా గుమ్మం దాకా జరుపుకుని, తాకకుండా, దూరం నుంచే చాలాసేపు చూసింది. "ముక్కు మాత్రం నీదే నాయనా, పాపం" అంది.

అక్కను ఆఖరుసారి చూసింది ఈ ఎండలు మొదలయ్యే ముందు. బీపీ అని డాక్టరు ఉప్పు మానిపించాడు. మేం వెళ్లేసరికి కోడలు పళ్లెంలో టమాటా ముక్కలు పెట్టి తెచ్చింది, పైన పుదీన, ఉప్పు లేకుండా.

"మా అత్తగారు పోయి ఈ డాక్టరు వచ్చాడు తమ్ముడూ" అంది, చిన్నపిల్లలా మూతి పెట్టి. నా భార్య తన పళ్లెంలో కూడా ఉప్పు వద్దంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చప్పవే తిన్నారు. ఒకరినొకరు చూసుకుంటూ తిన్నారు.

ఆదివారం నల్లగండ్లలో మా అమ్మాయి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. దాని తల కూడా నెరిసింది. "అత్తయ్యా" అని ఒకసారి పిలిచి ఊరుకుంది. దాన్ని అలా చూస్తుంటే నేను ఆమెకు ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదని గుర్తొచ్చింది. మా దిక్కు అక్కకు ఎవరూ చెప్పరు. బకెట్లు నింపుతాం. అవి నేను నింపాను.

ఇంటికొచ్చాక కూడా నా కళ్లకు ఒకటే కనిపిస్తోంది. బాలానగర్ వాకిలి, నడినెత్తిన ఎండ, కాలుతున్న షాబాదు బండలు. బోరింగు దగ్గర్నుంచి అక్క తడి చీరతో, జుట్టు పిండుకుంటూ వాళ్ల గుమ్మం వైపు నడుస్తోంది. వెనకాల బండల మీద ఆమె పాదాల అచ్చులు తడిగా, నల్లగా పడుతున్నాయి. ఆమె గడప చేరకముందే బోరింగు దగ్గరి మొదటి అచ్చు ఆరిపోతోంది. దాని వెనకే రెండోది.